అసలు పువ్వు, ఖరీదైన ఊద్, దొరకని కస్తూరి

హైదరాబాద్ పత్తర్‌గట్టీ కమానుల కింది అత్తరు దుకాణాల్లో ఒకే పేరున్న బుడ్లు రెండు పక్కపక్కనే కనిపిస్తాయి. రెండింటి మీదా గులాబీ బొమ్మ, రెండింటి మీదా ‘ముష్క్’, ‘ఊద్’ అన్న మాటలు. ఒకటి చిల్లర డబ్బులకే వస్తుంది. రెండోది కొనాలంటే నెల జీతం వైపు చూసుకోవాలి. దుబాయి, కువైట్ నుంచి సెలవుకు వచ్చే కరీంనగర్, నిజామాబాద్, రాయచోటి, కోనసీమ వాళ్ల పెట్టెల్లోనూ ఈ కలయికే బయటపడుతుంది. పూల నూనె, ఊద్ (అగరు నూనె), ముష్క్ అనే కస్తూరి కలిపిన ఈ గాఢమైన తైలాన్ని గల్ఫ్‌లో ముఖల్లత్ అంటారు. ఇప్పుడు ఆన్‌లైన్ అంగళ్లు దానికి ‘పూర్తిగా సహజం’, ‘రాజసం’ అన్న విశేషణాలు తగిలించి అమ్ముతున్నాయి.

ఒకే బుడ్డిలో ఈ మూడూ సహజంగా ఉండడం సాధ్యమేనా? మూడింటి పుట్టుక, తయారీ, ధర, చట్టం విడివిడిగా పరిశీలిస్తే జవాబు కూడా మూడు ముక్కలుగానే వస్తుంది. పువ్వు అసలుదే కావచ్చు. ఊద్ కూడా, తగినంత డబ్బు పోస్తే, అసలుదే కావచ్చు. కస్తూరి మాత్రం అసలుది కాకూడదు.

రాజుల ముచ్చట, వర్తకుల సరుకు

పరిమళాల కూర్పు ఈ దేశంలో చాలా పాత విద్య. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి ఒక అధ్యాయమే కేటాయించాడు. 16 ద్రవ్యాల్లోంచి నాలుగేసి చొప్పున ఎంచుకుంటే 1,820 రకాల కూర్పులు వస్తాయని అందులో లెక్క తేల్చాడు. గణిత చరిత్రకారులు కూడా ఆ అధ్యాయాన్ని ప్రస్తావించేది ఇందుకే. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు కూర్చిన మానసోల్లాసం రాజభోగాల్లో సుగంధాలకూ చోటిచ్చింది.

తెలుగు తీరానికి ఈ సరుకు ఓడల్లో వచ్చేది. కాకతి గణపతిదేవుడు 1244–45లో వేయించిన మోటుపల్లి అభయ శాసనంలో సుంకం కట్టాల్సిన సరుకుల పట్టిక ఉంది. చందనం, కర్పూరం, పన్నీరు, జవ్వాజి ముత్యాల పక్కనే, పగడాల పక్కనే నిలిచాయి. మరో శతాబ్దిన్నరకి కొండవీటి కుమారగిరిరెడ్డికి ‘కర్పూర వసంతరాయలు’ అన్న బిరుదు తెచ్చిపెట్టిన వసంతోత్సవాలకు సుగంధాలు సమకూర్చినవాడు అవచి తిప్పయ్యశెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది ఈ వర్తకుడికే. ఆయన ఏ దేశం నుంచి ఏ సరుకు తెచ్చేవాడో కవి వరసపెట్టి చెప్పాడు. అందులో కస్తూరి భోట దేశానిది, అంటే హిమాలయాల వైపుది. కొండవీడు దాకా రావాలంటే అది ఎన్ని చేతులు మారి ఉండాలో ఊహించుకోవచ్చు. కస్తూరి ఆనాడే అంత దూరపు, అంత ఖరీదైన వస్తువు.

మొగలుల కాలానికి గులాబీ నూనె అంతఃపురపు ముచ్చట అయింది. నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం పన్నీరు తీస్తుండగా, వేడి పన్నీరు పోసిన పాత్రల మీద జిడ్డుగా తేలిన తెట్టును కొద్దికొద్దిగా సేకరించిందని జహంగీర్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. దానికి ‘ఇత్ర్-ఎ-జహంగీరీ’ అని పేరు పెట్టింది సలీమా సుల్తాన్ బేగం. ఆ తెట్టే గులాబీ తైలం. నీళ్లలో కలవకుండా పైకి తేలే ఆ కాస్త నూనె కోసమే నేటికీ టన్నుల కొద్దీ రేకలు ఉడుకుతున్నాయి.

రాగి డేగ్‌లో పువ్వు

ఉత్తరప్రదేశ్‌లో గంగ ఒడ్డున ఉన్న కనౌజ్ ఈ విద్యకు కాణాచి. అక్కడి అత్తరుకు భౌగోళిక గుర్తింపు ఉంది. సుగంధ పరిశ్రమ కోసం కేంద్ర ప్రభుత్వం 1991లో ఒక అభివృద్ధి కేంద్రాన్ని కూడా ఆ ఊళ్లోనే పెట్టింది. పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు. డేగ్ అనే పెద్ద రాగి పాత్రలో పువ్వులూ నీళ్లూ పోస్తారు. మూతకి బంకమట్టి, దూది మెత్తి ఆవిరి పోకుండా బిగిస్తారు. కింద కట్టెల పొయ్యి. మూత లోంచి చోంగా అనే వెదురు గొట్టం వాలుగా దిగి, నీటి తొట్టిలో మునిగి ఉన్న భప్కా అనే రాగి కూజాలోకి వెళుతుంది. భప్కాలో ముందే గంధపు నూనె పోసి ఉంచుతారు. పూల ఆవిరి అక్కడ చల్లారి నీరవుతుంది, అందులోని పరిమళాన్ని గంధపు నూనె పట్టేస్తుంది.

ఇక్కడ థర్మామీటర్‌తో పని లేదు. పనివాడు భప్కా ఒంటిని చేత్తో తడిమి వేడి ఎంతుందో, మంట తగ్గించాలో పెంచాలో చెబుతాడు. తడిసిన గుడ్డ డేగ్ మీద వేసి ఆవిరి జోరు తగ్గిస్తాడు. మర్నాడు అడుగున చేరిన నీళ్లు వంపేసి, అదే గంధపు నూనె మీదికి మళ్లీ కొత్త పూల ఆవిరి పంపుతారు. నూనెకి ఇక చాలు అనిపించేదాకా, ఒక్కోసారి రెండు వారాల పాటు, ఇదే తంతు. చివర మిగిలిన తేమ ఇంకిపోవడానికి తోలు కుప్పెల్లో నిలవ చేయడం పాత ఆచారం.

గంధపు నూనె లేకుండా పువ్వు నూనె ఒక్కదాన్నే తీస్తే దాన్ని రూహ్ అంటారు. రూహ్ గులాబ్ ధర వినగానే గుండె ఝల్లుమనడానికి కారణం చిన్న లెక్కలో ఉంది. డమాస్క్ గులాబీ రేకలు మూడున్నర నుంచి నాలుగు టన్నులు ఉడికిస్తే సుమారు కిలో నూనె వస్తుంది. బల్గేరియాలోని కజాన్‌లాక్‌లోనైనా, టర్కీలోని ఇస్పార్తాలోనైనా లెక్క దాదాపు ఇదే. అంటే 10 మిల్లీలీటర్ల శుద్ధ గులాబీ నూనెకి కనీసం 30 కిలోల రేకలు కావాలి. రేకల ధర, తెల్లవారకముందే కోసే కూలి, కట్టెలు, రోజుల తరబడి పని, అన్నీ పక్కన పెట్టి ఒక్క రేకల బరువే చూసినా వంద రూపాయల బుడ్డిలో శుద్ధ గులాబీ ఉండే వీలు లేదు.

అన్ని పువ్వులూ పొయ్యి మీద బతకవు. మల్లె, జాజి, లిల్లీ పూల వాసన ఆవిరి వేడికి చాలావరకు మారిపోతుంది. కనౌజ్‌లో మల్లెను గంధపు నూనె మీదికి కాచే పద్ధతి ఉన్నా, ప్రపంచ పరిమళ పరిశ్రమకు వెళ్లేది ద్రావకంతో తీసిన సారమే. మదురై, దిండిగల్, సత్యమంగళం చుట్టుపక్కల పూలను హెక్సేన్‌లో నానబెట్టి ముందు మైనం లాంటి ముద్ద తీస్తారు. దాన్ని ఆల్కహాల్‌తో కడిగి అబ్సొల్యూట్ అనే చిక్కటి సారం చేస్తారు. మొగలి పువ్వు సంగతి వేరు. అది ఆవిరికి జడవదు. ఒడిశాలోని గంజాం జిల్లా, అంటే శ్రీకాకుళం దాటగానే వచ్చే తీరం, మొగలి అత్తరుకు పుట్టిల్లు. గంజాం మొగలి రూహ్‌కి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. సరిహద్దుకి ఇవతల మాత్రం పూల వ్యాపారమంతా దండల చుట్టూ, గుళ్ల చుట్టూ తిరుగుతోంది. కడియం పూలు బజారుకి చేరతాయి గానీ బట్టీకి చేరవు.

నూనె కింద నూనె

పూవుతో కూడిన నారకీ తావి అబ్బుతుందని సామెత. అత్తరులో పూవుకి ఆసరాగా నిలిచే గంధపు నూనెకి స్వయంగానే తావి ఉంది. త్వరగా ఎగిరిపోయే గులాబీ వాసనని పట్టి నిలిపి, అది పలచబడే కొద్దీ తన మెత్తటి పాలవాసనని ముందుకు తెస్తుంది. చందనపు చెట్టు నడిబొడ్డున నూనె చేరడానికి 15 ఏళ్లయినా కావాలి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అసలైన గంధపు నూనెలో ఆల్ఫా శాంటలాల్ 41 నుంచి 55 శాతం, బీటా శాంటలాల్ 16 నుంచి 24 శాతం ఉండాలి.

ఈ ఆసరాయే కూలిపోయింది. చెట్టు రైతు పొలంలో పెరిగినా సర్కారుదే అన్న పాత నిబంధన వల్ల ఎవరూ చందనం నాటలేదు. అడవుల్లో ఉన్నది దొంగల పాలైంది. కర్ణాటక 2001లో, తమిళనాడు 2002లో చట్టం మార్చి చెట్టు మీద హక్కు భూయజమానికి ఇచ్చాయి. అప్పటికే ధర అత్తరు బట్టీలకు అందనంత ఎత్తుకు వెళ్లింది. కనౌజ్‌లో చాలామంది లిక్విడ్ పారఫిన్‌కి, ప్లాస్టిక్ పరిశ్రమలో వాడే డీఓపీ లాంటి ద్రవాలకి మారిపోయారు. డీఓపీ పేరుతో వ్యాపారంలో తిరిగే డీఈహెచ్‌పీ అనే థాలేట్ ఐరోపాలో సౌందర్య సాధనాల్లో నిషిద్ధం. దానికి వాసన లేదు, రంగు లేదు, గంధం గుణమూ లేదు. అయినా ఆ బుడ్డి మీద పేరు అత్తరే.

తెలుగు కొనుగోలుదారులు మరో పొరపాటు పడుతుంటారు. శేషాచలం ఎర్రచందనం పేరులో చందనం ఉన్నా అది వేరే జాతి చెట్టు. దాని కలపకు విలువ తెచ్చింది రంగు, గట్టిదనం. గంధపు వాసన దానికి దాదాపు లేదు. ‘ఎర్రచందనం అత్తరు’ అని ఎవరైనా అమ్మితే ఆ పరిమళం మరెక్కడి నుంచో వచ్చిందన్నమాటే.

జబ్బుపడ్డ చెట్టు

ఊద్ కథ మరీ విచిత్రం. అగరు చెట్టు ఆరోగ్యంగా ఉన్నంతకాలం దాని కలప తెల్లగా, తేలిగ్గా, ఏ వాసనా లేకుండా ఉంటుంది. అసోంలో జ్యూజెరా అనే చిమ్మట గొంగళి కాండాన్ని తొలుస్తుంది. ఆ రంధ్రాల్లోంచి బూజు లోపలికి చేరుతుంది. దాన్ని అడ్డుకోవడానికి చెట్టు నల్లటి జిగురు ఊరుస్తుంది. ఏళ్ల తరబడి ఆ జిగురు పట్టిన చెక్కే అగరు. దాని నూనే ఊద్. జిగురు బాగా పట్టిన చెక్క నీళ్లలో మునుగుతుంది కాబట్టి పాతకాలపు వర్తకులు దాన్ని నీళ్లలో వేసి నాణ్యం చూసేవారు.

కామరూప రాజు భాస్కరవర్మ హర్షుడికి పంపిన కానుకల్లో వెదురు గొట్టాల్లో నింపిన నల్ల అగరు తైలం ఉందని బాణుడి హర్షచరిత చెబుతోంది. అసోంలో ఇదే చెట్టు బెరడు మీద గ్రంథాలు రాసేవారు. అక్కడి హోజాయి ప్రాంతం ఇవాళ్టికీ ఊద్ వ్యాపారానికి గుండెకాయ. 1951లో ముంబైలో మొదలై గల్ఫ్ దేశాల నిండా దుకాణాలు పరిచిన అజ్మల్ సంస్థ స్థాపకుడు హాజీ అజ్మల్ అలీ ఆ వైపు మనిషే. సరిహద్దుకి అవతల బంగ్లాదేశ్‌లోని మౌల్వీబజార్ జిల్లా సుజానగర్‌లోనూ ఇదే పరిశ్రమ. త్రిపుర 2021లో అగరు కోసం ప్రత్యేక విధానమే ప్రకటించింది.

చెక్కముక్కలను రోజుల తరబడి నీళ్లలో నానబెట్టి, పులిశాక బట్టీ పెడతారు. అందుకే అసోం ఊద్ మూత తీయగానే మొదట పశువుల కొట్టం వాసన కొడుతుంది. కొత్తవాళ్లు ముఖం తిప్పేసుకునేది ఇక్కడే. కాస్త ఆగితే అది తోలులా, తేనెలా, పొగ పట్టిన కలపలా విడిపోతూ గంటల కొద్దీ చర్మాన్ని అంటుకుని ఉంటుంది. జిగురు అంతగా పట్టని చెక్కతో తీసే చవక నూనెని అసోం వర్తకులు బోయా అంటారు. ‘అసలు ఊద్’ అన్న మాటలో బోయా కూడా ఇమిడిపోతుంది. అబద్ధం అనలేం, నాణ్యం మాత్రం వేరు.

ఏ చెట్టు లోపల జిగురు ఉందో బయటి నుంచి తెలియదు. ఆ అనుమానంతోనే అడవుల్లో చెట్లన్నిటినీ నరికేశారు. అక్విలేరియా మలాసెన్సిస్ అనే ఈ జాతి 1995లోనే అంతర్జాతీయ వన్యజీవుల వాణిజ్య ఒప్పందం, అంటే సైటీస్, రెండో అనుబంధంలోకి చేరింది. 2004లో ఆ జాతి బంధువులన్నిటినీ చేర్చారు. ఎగుమతికి అనుమతి పత్రం తప్పనిసరి. అసోం, త్రిపురల్లో అగరు ఇప్పుడు ప్రధానంగా పెరటి చెట్టు, తోట పంట. కాండానికి కావాలనే గాయం చేసి బూజు ఎక్కించే పద్ధతులు వచ్చాయి. సహజ ఊద్‌కి చట్టబద్ధమైన దారి ఉందంటే ఈ తోటల వల్లనే.

పాశ్చాత్య పరిశ్రమకు ఊద్ రుచి తగిలింది ఆలస్యంగా. ఈవ్ సాఁ లోరాఁ 2002లో తెచ్చిన ఎం7, టామ్ ఫోర్డ్ 2007లో తెచ్చిన ఊద్ వుడ్ ఆ వాసనని పెద్ద బజారుకి పరిచయం చేశాయి. గిరాకీ పెరిగింది, చెట్లు పెరగలేదు. దాంతో ప్రయోగశాలల్లో కూర్చిన ఊద్ నమూనాలు వెల్లువెత్తాయి. ఇవాళ బట్టల అంగడి నుంచి కారు డాష్‌బోర్డు దాకా గుబాళించే ‘ఊద్’లో ఎక్కువ భాగం వీటిదే.

కస్తూరికి కట్టిన ధర

కస్తూరి మృగం హిమాలయాల ఎత్తుల్లో, మధ్య, తూర్పు ఆసియా కొండల్లో తిరిగే చిన్న జంతువు. మగదాని పొట్ట కింద, బొడ్డు దగ్గర ఉండే సంచిలో ఈ పదార్థం ఊరుతుంది. ఒక్కో సంచిలో దొరికేది సుమారు 25 గ్రాములు. కిలో కావాలంటే 40 మగ జంతువులు చావాలి. వలల్లో, ఉచ్చుల్లో పడేవి మగవే కావు కాబట్టి, ఆడవీ కూనలూ కూడా ఊరికే పోతాయి.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో కస్తూరి మృగానికి అత్యున్నత రక్షణ ఉంది. భారత్, నేపాల్, భూటాన్, పాకిస్తాన్, అఫ్గానిస్తాన్, మయన్మార్‌లలోని కస్తూరి మృగాలను సైటీస్ మొదటి అనుబంధంలో పెట్టింది. వాటి నుంచి వచ్చిన దేనితోనూ అంతర్జాతీయ వ్యాపారం చేయకూడదు. చైనాలో పెంపక కేంద్రాలు పెట్టి జంతువును చంపకుండా కస్తూరి తీస్తున్నా, ఆ కొద్దిపాటి సరుకు ప్రధానంగా అక్కడి సంప్రదాయ వైద్యానికే సరిపోతుంది. కాబట్టి ఇక్కడి దుకాణంలో ‘అసలు కస్తూరి’ అని అమ్మేది అసలుది కాకపోతే మోసం, అసలుదైతే నేరం.

మరి ఆ వాసన ఎక్కడిది? దీని వెనక నూట ముప్పై ఏళ్లకు పైబడిన రసాయన శాస్త్రం ఉంది. 1888లో రసాయనవేత్త ఆల్బర్ట్ బౌర్ పేలుడు పదార్థాల మీద పనిచేస్తుండగా చేతికొచ్చిన ఒక నైట్రో సమ్మేళనం కస్తూరి వాసన వేసింది. పోలికలేని రసాయనం, పోలిన వాసన. 1906లో హైన్రిక్ వాల్బామ్ అసలు కస్తూరి నుంచే, ఆ వాసనకు మూలమైన మస్కోన్‌ను వేరు చేశాడు. దాని నిర్మాణం పెద్ద వలయమని 1926లో లియోపోల్డ్ రుజిచ్కా తేల్చాడు. అంత పెద్ద కర్బన వలయం నిలవలేదని అప్పటి రసాయనవేత్తల నమ్మకం. పెద్ద వలయాల మీద, టెర్పీన్ల మీద చేసిన పనికి 1939 నోబెల్ బహుమతిలో ఆయనకు వాటా దక్కింది.

బౌర్ వారసత్వంగా వచ్చిన నైట్రో కస్తూరుల్లో కొన్నిటిని ఆరోగ్య కారణాలతో, పర్యావరణ కారణాలతో తర్వాత నిషేధించారు. 1960లలో వచ్చిన గాలక్సోలైడ్ సబ్బుల్లో, బట్టల పొడుల్లో ఇంటింటికీ చేరింది. అది నదుల నీటిలోనూ తల్లిపాలలోనూ బయటపడటంతో దాని మీదా ప్రశ్నలున్నాయి. మస్కోన్ బాటలోనే నడిచిన పెద్ద వలయాల కృత్రిమ కస్తూరులు ప్రకృతిలో సులువుగా విరిగిపోతాయి, ధర ఎక్కువ. వైట్ మస్క్ అని అమ్మేదంతా ఈ కృత్రిమ కుటుంబాలదే.

నిజంగా సహజమైన కస్తూరి వాసనే కావాలంటే మొక్కల్లో ఒక దారి ఉంది. బెండకాయ చుట్టమైన కస్తూరి బెండ గింజల్లో ఆంబ్రెట్టోలైడ్ అనే పదార్థం ఉంటుంది. ఆ గింజల నూనె మెత్తగా, పండువాసన కలిసిన కస్తూరిలా ఉంటుంది. జంతువుల వైపు చూస్తే పునుగుపిల్లి ఉదాహరణ మనకు తిరుమలలోనే ఉంది. శుక్రవారం అభిషేకం తర్వాత మూలమూర్తికి పూసే పునుగు తైలం కోసం దేవస్థానం ఆ పిల్లులను సాకుతోంది. గంధపు కర్రకి ఒళ్లు రుద్దుకున్నప్పుడు అంటిన స్రావాన్ని సేకరించే ఈ పద్ధతిలో జంతువు ప్రాణం పోదు. అయితే అది గుడి అవసరానికి జరిగే పని. బజారుకి సరిపోయే సరుకు అక్కడి నుంచి రాదు.

లేబుల్ చెప్పని సంగతులు

అత్తరు నిజానిజాలు తేల్చే ఇంటి చిట్కాలు చాలా ప్రచారంలో ఉన్నాయి. కాగితం మీద చుక్క వేసి మరక ఉంటే కల్తీ, పోతే అసలు అంటారు. గంధపు నూనె, ఊద్ నెమ్మదిగా ఆరతాయి కాబట్టి అసలు అత్తరు కూడా మరక చూపిస్తుంది. అగ్గిపుల్లతో వెలిగించి చూసే పరీక్ష సంగతి సరేసరి. నూనెలోని అణువులను విడదీసి గుర్తుపట్టే గ్యాస్ క్రొమటోగ్రఫీ ఒక్కటే నమ్మదగ్గ దారి. పెద్ద ఎగుమతిదారులు ప్రతి బ్యాచ్‌కీ ఆ నివేదిక ఇస్తారు. చిల్లర బుడ్డి కొనేవాడికి అది అందదు.

సహజమైనదంతా నిరపాయమనుకోవడమూ సరికాదు. గులాబీ నూనెలో సహజంగానే జిరానియాల్, సిట్రొనెల్లాల్ ఉంటాయి. కొందరి చర్మానికి అవి పడవు. పరిమళాల్లో ఇలాంటి 26 పదార్థాలను పేరుపేరునా లేబుల్ మీద రాయాలని ఐరోపా సమాఖ్య చాలాకాలంగా పట్టుబట్టింది. 2023లో ఆ జాబితాను 80కి పైగా పెంచింది. ఆల్కహాల్ లేదు కాబట్టి అత్తరు చర్మానికి మంచిదని చెప్పేవాళ్లు ఈ సంగతి దాటేస్తారు. ఆల్కహాల్ లేకపోవడం వల్ల వాసన నెమ్మదిగా విచ్చుకుంటుంది, మతపరంగా మద్యసారానికి దూరంగా ఉండేవారికి అనువుగా ఉంటుంది. అంతవరకూ నిజం.

కృత్రిమం అంటే నాసి అనడమూ తొందరపాటే. ఒక అడవి జంతువును చంపకుండానే ఆ వాసనని అందించింది ప్రయోగశాల కస్తూరే. అసలు గులాబీ, తోట ఊద్, పెద్ద వలయాల కృత్రిమ కస్తూరి కలిపి గంధపు నూనెలో దింపిన బుడ్డి మంచి అత్తరే, ధర్మంగా అమ్మదగ్గ అత్తరే. దాని మీద ‘పూర్తిగా సహజం’ అని రాయడం ఒక్కటే తప్పు.

అందుకే కొనేవారు అడగాల్సినవి మూడు. అడుగున ఉన్నది గంధపు నూనేనా, పారఫినా? ఊద్ ఏ ప్రాంతానిది, తోటదా, దాంట్లో బోయా పాలెంత? కస్తూరి వాసన ఏ పదార్థం నుంచి వచ్చింది? కనౌజ్‌లో, హైదరాబాద్‌లో తరాలుగా ఈ పని చేస్తున్న దుకాణదారుల్లో చాలామంది ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పగలరు. ఆ మూడు జవాబులనూ బుడ్డి మీదే మూడు వరసల్లో అచ్చువేయడం తయారీదారులు వెంటనే చేయదగ్గ పని, నియంత్రణ సంస్థలు తప్పనిసరి చేయదగ్గ పని. అప్పటిదాకా నోటిమాటగానైనా సమాధానం చెప్పని చోట ఎంత ఖరీదైన బుడ్డినైనా పక్కన పెట్టేయడం మంచిది.